పండగ మర్నాడు మొదటి బస్సు

ఆ రోజు మా తమ్ముణ్ణి బస్సు ఎక్కనివ్వలేదు నేను. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ మధ్య దారిలో కనబడ్డవాళ్ళంతా నా చెయ్యి పట్టుకుని "ఎంత ధైర్యం తల్లీ నీది" అంటున్నారు. ధైర్యమూ లేదు, పాడూ లేదు. మొత్తం వింటే ఆ మాట మళ్ళీ అనరు.

నేను బస్సు డిపోలో పనిచేస్తాను. తాగి వచ్చారో లేదో తేల్చడానికి డ్రైవర్లు ఊదే కిటికీ నాది. డ్యూటీకి వచ్చిన ప్రతి డ్రైవరూ ముందు నా దగ్గరికి రావాలి. కవరు చింపి కొత్త గొట్టం మిషన్‌కి తగిలిస్తాను, ఊదుతాడు. పచ్చ లైటు వెలిగితే మిషన్ లోంచి చిన్న చీటీ వస్తుంది. దాని మీద పేరు రాసి, వెనక గోడకి వేలాడే తాళాల్లోంచి అతని బస్సు తాళం తీసి ఇస్తాను. ఆ చీటీ చూపిస్తేనే గేటు దగ్గర వాచ్‌మన్, అందరం బాబాయ్ అంటాం, అడ్డకర్ర లేపుతాడు. ఎర్ర లైటు వెలిగితే మేనేజరు గారికి ఫోను చేస్తాను. ఇక అక్కడ బతిమాలుకోవడాలుండవు. డ్యూటీ కార్డు లాగేసుకుంటారు, ఉద్యోగం పోయినట్టే.

మా తమ్ముడు అదే డిపోలో డ్రైవరు. ఆరడుగుల మనిషి, ఇంట్లో మాత్రం ఇప్పటికీ బుడ్డోడే. నెమ్మదస్తుడు. వాడి బస్సులో ముసలివాళ్ళు కూర్చునేదాకా క్లచ్ మీంచి కాలు తియ్యడు, అందుకు కండక్టరు చేత రోజూ తిట్లు తింటాడు. మామూలు రోజుల్లో మందు వాసన కూడా పడదు వాడికి. పండగొస్తే మాత్రం బావమరిది, బావ పక్కపక్కన కూర్చుంటారు, ఇక అడ్డూ ఆపూ ఉండదు. బావ అంటే మా ఆయన. టైలరు. ఏడాదంతా తలొంచుకుని కుట్టుకునే మనిషి పండగనాడు తలెత్తుతాడు, ఆ తర్వాత ఎత్తిన తల నిలబడదు.

అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. పండగ భోజనానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే బండి తాళాలు నాకిచ్చెయ్యాలి. వాటిని పిండి డబ్బాలో వేసి, ఆ డబ్బా నా మంచం కింద పెట్టుకుంటాను. తాగినవాళ్ళు ఎక్కడ కూలబడితే అక్కడే పక్క. ఈ పద్ధతి ఊరికే రాలేదు. ఒక పండగకి మా ఆయన మోపెడ్ మీద బయల్దేరి, వీధి చివర కూరగాయలమ్మే ఆవిడ బుట్టల మధ్య దిగాడు. ఆవిడ తిట్టిన తిట్లు ఇప్పటికీ మా వీధిలో వాడుకలో ఉన్నాయి. అది నవ్వుకునే సంగతి కాబట్టి సరిపోయింది, ఇంకోలా జరిగితే ఏం చేసేదాన్నని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈసారి పండగకి నా భయమల్లా బుడ్డోడి గురించే. మర్నాడు పొద్దున మొదటి బస్సు వాడికి పడింది. వాడికి ఆ ఉద్యోగం తప్ప ఇంకో ఆధారం లేదు, పెళ్ళాం, చంటిది, అద్దె ఇల్లు. వాణ్ణి ప్రాణంతో, ఉద్యోగంతో పండగ దాటించెయ్యాలి. అంతే నాకు కావలసింది.

"ఒరేయ్, రేపు డ్యూటీ ఉందిరా" అన్నాను, గుమ్మంలోనే తాళం లాక్కుంటూ.

"ఉంటే ఏమైందక్కా, ఇక్కడే పడుకుంటాగా. ఎక్కడికీ వెళ్ళను. నీ డబ్బాకి కాపలా కాస్తా" అన్నాడు.

మా మరదలు, అంటే వాడి భార్య, చంటిదాన్ని నా చేతికిచ్చి, "వదినా, మీరున్నారు కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నాను. లేకపోతే ఈయన్ని ఎవరు పట్టుకోగలరు" అంది. ఆ మాటకి పొంగిపోయాను. పొంగిపోక ఏం చేస్తాను, నలుగురిలో అన్న మాట.

ఇక అక్కడే పప్పులో కాలేశాం అందరం. ఇంటికెళ్ళే పని లేదు కదా అని మామూలుకన్నా ఎక్కువ తాగారు. అంతకు ముందు పండగల్లో "దారిలో నడపాలిరా" అని ఒకడైనా గ్లాసు బోర్లించేవాడు. ఈసారి తాళాలు నా దగ్గరున్నాయి కాబట్టి ఆ మాట అనే మనిషే లేడు. నేను కూడా కంచాలు తీస్తూ, "పోనీలే, కళ్ళ ముందే ఉన్నారు" అనుకున్నాను. గ్లాసుల్లో ఐసు ముక్కలు వేసింది కూడా నేనే. వాళ్ళు పడుకునేసరికి చాలా పొద్దుపోయింది. బుడ్డోడు చాప మీద పడి, చంటిదాని బొంత కప్పుకుని గురక పెట్టాడు. సగం కాళ్ళు బయటే ఉన్నాయి.

పొద్దున నేను వాడికన్నా ముందు వెళ్ళాలి, డిపో వ్యాను వస్తుంది. వాణ్ణి లేపి, చన్నీళ్ళు పోసుకోమన్నాను. నిమ్మకాయ పిండిన నీళ్ళు రెండు గ్లాసులు తాగించాను. కాఫీ పెట్టాను. కళ్ళు తేటగా ఉన్నాయి, మాట సరిగ్గా ఉంది, నవ్వుతున్నాడు. "చూశావా, ఎంత బుద్ధిమంతుణ్ణో" అన్నాడు. డబ్బాలోంచి వాడి మోటారుసైకిలు తాళం తీసి, పిండి దులిపి, బల్ల మీద పెట్టాను. రాత్రి గడిచింది, గండం గడిచింది అనుకున్నాను. ఇన్నేళ్ళు ఆ కిటికీలో కూర్చున్నదాన్ని నేనే అలా అనుకున్నానంటే, ఇక వాణ్ణేమనాలి?

డిపోలో ఆ పొద్దున సగం మంది సెలవు. ఉన్నవాళ్ళు వరసలో నిలబడి ఆవులిస్తున్నారు. నలుగురైదుగురు పచ్చ లైటు తెచ్చుకుని వెళ్ళారు. అప్పుడొచ్చాడు మా వాడు, ఇస్త్రీ చొక్కా, పక్కకి దువ్విన జుట్టు, చేతిలో నేను కట్టిచ్చిన క్యారేజీ.

"మేడమ్ గారు, మాకు కూడా కాస్త తాళం ఇప్పిస్తారా" అన్నాడు, వెనకున్నవాళ్ళకి వినబడేటట్టు.

"ముందు ఊదు, తర్వాత వేళాకోళాలు" అన్నాను.

ఊదాడు. ఎర్ర లైటు వెలిగింది.

నాకు అర్థం కాలేదు. నిజంగా అర్థం కాలేదు. మిషన్ పాడైందనుకున్నాను. వాడూ అదే అన్నాడు. "నోరు పుక్కిలించి రా" అని పక్కకి పంపించి, ఈలోగా ఇద్దరిని ఊదించాను. ఇద్దరికీ పచ్చ లైటే. వాడు వచ్చాడు, కొత్త గొట్టం వేశాను, ఊదాడు. మళ్ళీ ఎరుపు. అప్పుడు నేనే ఇంకో గొట్టం తగిలించి ఊదాను. పచ్చ లైటు వెలిగింది, చీటీ వచ్చింది. మిషన్ శుభ్రంగా పనిచేస్తోంది.

నిద్రతో దిగేది కాదన్నమాట అది. చన్నీళ్ళకీ, నిమ్మకాయకీ, కాఫీకీ మొహం తేటపడుతుందే గానీ లోపలున్నది లోపలే ఉంటుంది. అది దానికి బుద్ధి పుట్టినప్పుడు దిగుతుంది.

వాడు కిటికీ మీదికి వంగాడు. గొంతు తగ్గించి, "అక్కా, ఆ చీటీ పచ్చదే కదా" అన్నాడు.

నా చేతిలో ఉన్న చీటీ వైపు చూస్తున్నాడు. నేను ఊదగా వచ్చింది. దాని మీద ఇంకా పేరు రాయలేదు.

"పేరు రాస్తే చాలక్కా. నేను బానే ఉన్నాను, చూస్తున్నావుగా. నెమ్మదిగా వెళ్తాను. నువ్వు చెప్పినంత నెమ్మదిగా."

"రాయన్రా."

"చంటిది గుర్తుందా నీకు?"

"బస్సు నిండా చంటివాళ్ళే ఉంటార్రా" అన్నాను. ఆ చీటీ రెండు ముక్కలు, నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను. వెనక వరసలో ఎవరో దగ్గారు. అందరికీ తెలుసు వాడు నాకేమవుతాడో. అందరూ చెప్పుల వంక చూసుకుంటున్నారు.

ఫోను చేశాను. మేనేజరు గారు వచ్చారు, మంచాయనే, మొహం మాడ్చుకునే వచ్చారు. ఇంకోసారి ఊదించి ఎర్ర లైటు చూశారు, వాడి కార్డు అడిగారు. ఇచ్చేశాడు. "మొదటి బస్సుకి ఇప్పుడు ఎవణ్ణి తేవాలి, అందరూ సెలవులో చచ్చారు" అని ఆయన తల పట్టుకుని లోపలికి వెళ్ళారు. ఆ బస్సు కదలలేదు.

బుడ్డోడు క్యారేజీ నా కిటికీలో పెట్టాడు. "నోటి దగ్గర కూడు లాగేశావక్కా" అన్నాడు. అరవలేదు. వాడికి అరవడం రాదు.

వాడు గట్టిగా నాలుగు తిట్టుంటే నేను కిటికీ దాటి వచ్చి నాలుగు పీకేదాన్ని. చెవి మెలేసి నా గదిలో కుర్చీలో కూలేసేదాన్ని. ఆ మాట అనేసి మెల్లగా వెళ్ళిపోయాడు. నాకు కళ్ళు మసకేశాయి. తల దించుకుని తర్వాతవాడికి గొట్టం కవరు చింపుతున్నాను. బయట మోటారుసైకిలు స్టార్టయిన చప్పుడు వినిపించింది. విన్నాను. "ఇంటికెళ్ళి పడుకుంటాడులే, మధ్యాహ్నం వెళ్ళి కాళ్ళు పట్టుకుని అయినా బతిమాలుకుంటా" అనుకున్నాను. పైగా, నమ్ముతారో లేదో, మనసులో ఎక్కడో ఒక మూల ఊరట కూడా ఉంది. బస్సు వాడి చేతికివ్వలేదు కదా, అంతవరకూ నయం అనుకున్నాను.

గేటు దగ్గర అడ్డకర్ర బస్సులకే. పక్కన సందులోంచి మోటారుసైకిళ్ళు వెళ్తాయి, వాటికి చీటీ అక్కర్లేదు. బాబాయ్ వాడి భుజం తట్టి, "ఊరుకోరా, అక్కేగా, సర్దుకుంటుంది. ఇంటికి పో" అని పంపించాడు. పాపం, ఆ పెద్దాయన ఇప్పుడు నాకు ఎదురుపడటం లేదు.

బజారు మలుపులో ఒక స్టాపుంది. మొదటి బస్సు రాకపోయేసరికి అక్కడ జనం పోగుపడ్డారు. పండగ మర్నాడైనా పని మానుకోలేనివాళ్ళు ఉంటారు కదా, ఆసుపత్రివాళ్ళు, పాలవాళ్ళు, హోటల్లో గిన్నెలు కడిగేవాళ్ళు. బస్సు వస్తోందేమోనని ఒక్కొక్కరే అరుగు దిగి, రోడ్డు మీదికి వచ్చి, తొంగి చూస్తున్నారు. వాడు ఆ మలుపు తిరిగాడు. కోపంలో ఉన్నాడో, ఏడుస్తున్నాడో నాకు తెలియదు. వాడికీ తెలియదట. ఒకామెని గుద్దేశాడు. ఆసుపత్రిలో ఆయా ఆవిడ, డ్యూటీకి వెళ్తోంది. తాను పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళారు. లోపలికి తీసుకెళ్ళేసరికే ప్రాణం లేదు.

మా వాడికి భుజమెముక విరిగింది. మంచం పక్కన పోలీసు. నెత్తురు తీసి పరీక్ష చేశారు, అందులోనూ అదే వచ్చింది. నేను వెళ్ళేసరికి మా మరదలు వరండాలో నేల మీద కూర్చుని ఉంది, చంటిది ఒళ్ళో నిద్రపోతోంది. నన్ను చూసి లేవలేదు.

"వదినా, రాత్రంతా తాళం దాచారు. పొద్దున ఎవరిచ్చారు?" అంది.

నేనే ఇచ్చాను, పిండి దులిపి మరీ ఇచ్చాను. ఆ పిల్ల ఏమీ తిట్టలేదు. అడిగింది, అంతే. తల గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది.

లోపల బుడ్డోడు పైకప్పు చూస్తున్నాడు. "బస్సు ఇచ్చుంటే ఎవరూ పోయేవారు కాదేమో అక్కా. బస్సులో నేనెప్పుడూ తొందరపడలేదు" అన్నాడు.

"ఇవ్వన్రా. ఇప్పుడడిగినా ఇవ్వను" అన్నాను. అది నిజం. ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా అది నిజమే. ఆయా ఆవిడ మొహం నేను చూడలేదు. చూడకపోయినా రోజూ కనబడుతుంది.

ఆ తర్వాత డిపోలో సభ పెట్టారు. మేనేజరు గారు నన్ను ముందుకి పిలిచి, "సొంత తమ్ముడని కూడా చూడకుండా నిలబడింది, బస్సెడు ప్రాణాలు కాపాడింది" అన్నారు. చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆపండి. ఎర్ర లైటు పడినవాడి సొంత బండి తాళం కూడా మనమే తీసుకోవాలి. ఎవరో ఒకరం ఇంట్లో దింపి రావాలి. ఆ రూలు రాయండి ముందు, తర్వాత కొట్టుకుందురుగాని చప్పట్లు" అన్నాను.

ఆయన మెత్తగా, "అమ్మా, డిపో బస్సులైతే మన బాధ్యత. ఎవరి సొంత బండ్లు వాళ్ళవి. అది మన పరిధిలోకి రాదు" అన్నారు.

"ఆవిడ కూడా మన పరిధిలోకి రాలేదా? మన బస్సు కోసమే కదండీ నిలబడింది" అన్నాను. టీ వచ్చింది. అందరూ కప్పుల వైపు కదిలారు.

రూలు రాలేదు. ఎర్ర లైటు పడ్డవాళ్ళ తాళాలు నేను అడిగి తీసుకుంటున్నాను. కొందరు ఇస్తారు. కొందరు "నీ పని నువ్వు చూసుకో" అంటారు. నా పని ఏమిటో నాకే తెలియకుండా పోయింది.

మొన్న ఒకాయన కిటికీ దగ్గరికి వచ్చాడు. ఫిర్యాదులు కూడా నా కిటికీలోనే తీసుకుంటాం. నలిగిన చొక్కా, రెండు బొత్తాలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకున్నాడు. వాటిని సరిచేసే మనిషి ఇంట్లో లేదని చూడగానే తెలుస్తోంది. మంచినీళ్ళు అడిగితే గ్లాసులో పోసిచ్చాను.

"పండగ మర్నాడు మొదటి బస్సు ఎందుకు రాలేదమ్మా?" అన్నాడు.

నాకు అప్పుడే తెలిసిపోయింది ఎవరో. "డ్రైవరు తాగి ఉన్నాడండీ. ఆపేశాం" అన్నాను.

"పోలీసులు చెప్పారు. గుద్దింది అతనే అట కదా." నీళ్ళు కొంచెం తాగాడు. "బస్సు నడపకూడదని ఆపారు, బానే ఉంది. మరి మనిషి ఇంటికెలా వెళ్తాడనుకున్నారు?"

ఆయన గొంతులో కోపం లేదు. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి దారి అడిగినట్టు అడిగాడు. జవాబు ఉంటుందేమోనని నిజంగా ఎదురుచూస్తున్నాడు.

"ఆలోచించలేదండీ" అన్నాను.

తలూపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. "మా ఆవిడ నాకు ఫోను చేసింది, బస్సు రాలేదు, ఆటోలో వెళ్ళనా అని. ఉండు, వస్తుందిలే అన్నాను. నేనూ ఆలోచించలేదు" అన్నాడు.

ఊరుకోవచ్చు. ఆయన నన్ను ఇంకేమీ అడగలేదు. ఇంకో రెండు నిమిషాలుంటే వెళ్ళిపోయేవాడు, నన్ను ఎవరో మంచి మనిషి అనుకునే వెళ్ళేవాడు. నా వల్ల కాలేదు.

"వాడు నా తమ్ముడండీ" అన్నాను. "ఆ బండి తాళం పొద్దున నేనే ఇచ్చాను."

ఆయన నా మొహం చూశాడు. చేతిలో గ్లాసు చూసుకున్నాడు. ఇంకా సగం నీళ్ళున్నాయి. దాన్ని కిటికీ చెక్క మీద పెట్టి, ఆ చెయ్యి చొక్కాకి తుడుచుకుని, గేటు వైపు వెళ్ళిపోయాడు. వెనక నిలబడ్డ డ్రైవరు ముందుకి జరిగాడు.